కుఫ్ఫర్ కణం బొమ్మ గీద్దాం: పుట్టుక కన్నా చోటే ముఖ్యం

నమస్కారం. కిటికీ మూశాను, అయినా బీచ్ రోడ్డు బళ్ల చప్పుడు కొంచెం వినిపిస్తుంది, సర్దుకోండి. ఈ రోజు కాలేయంలో కాపురముండే రోగనిరోధక కణాలు, అంటే కుఫ్ఫర్ కణాల బొమ్మ గీస్తున్నాం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఉచితంగా దొరుకుతుంది, నాకైతే దీన్ని మించింది లేదు.

ముందు కెమెరా కిందికి తిప్పుతాను. ఇదిగో, పొద్దున ఎంవీపీ కాలనీలో కొన్న మేక కార్జం. కోసిన చోట చూడండి. నున్నగా, అంతా ఒకే రంగు. పుస్తకంలో ఉండే ఆరు పలకల గీతలు ఏవీ? కనబడవు. పంది కాలేయంలో ప్రతి లోబ్యూల్ చుట్టూ, అంటే ఒక్కో ఆరు పలకల చిన్న భాగం చుట్టూ, సంయోజక కణజాలం మందంగా ఉంటుంది కాబట్టి కంటికే తెలుస్తాయి. మనిషిలో అంత స్పష్టంగా ఉండవు. అందుకే నేను షడ్భుజిని ఎప్పుడూ చుక్కల గీతతో గీస్తాను.

సరే, స్క్రీన్ మీదికి రండి. బహుభుజి, మూలలు ఆరు. మధ్యలో కేంద్ర సిర. మూలలో పోర్టల్ సిర, కాలేయ ధమని, పిత్తనాళం. ఒక మూల గీసి, మూడూ కలిపి కంట్రోల్ జి, తర్వాత కంట్రోల్ డి, కంట్రోల్ డి, లాగి పెట్టేయడమే. అయిపోయింది. కాలేయానికి వచ్చే రక్తంలో సుమారు 75 శాతం పోర్టల్ సిరదే, అంటే పేగుల మీదుగా వచ్చిందే. నీలం గీత లావుగా, ఎరుపు గీత సన్నగా పెట్టండి.

ఇప్పుడు పెద్దది చేస్తున్నాను. ఒక్క సైనుసాయిడ్, అంటే మూల నుంచి కేంద్ర సిరకు రక్తం పారే సన్నని నాళం. ఇక్కడ తొందరపడకండి, చాలా బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. కుఫ్ఫర్ కణాన్ని రక్తంలో తేలుతున్నట్టు గీసేస్తారు. అది తేలదు. లోపలి గోడను, అంటే ఎండోథీలియల్ కణాలను, పట్టుకుని ఉంటుంది. ఆ గోడ నిండా చిన్న చిన్న రంధ్రాలు. ఇదిగో, రంధ్రాలు పెడుతున్నాను. గోడ వెనుక సన్నని ఖాళీ, అది డిస్సే అంతరం. అందులో విటమిన్ ఎ దాచుకునే స్టెల్లేట్ కణం. దాని వెనుక హెపటోసైట్లు, అంటే కాలేయపు అసలు కణాలు. ఇప్పుడు చూడండి, కుఫ్ఫర్ కణం చేతులు గోడ దాటి లోపలికి వెళతాయి. స్టెల్లేట్ కణాన్ని తాకుతాయి, హెపటోసైట్‌నూ తాకుతాయి. మళ్లీ చెబుతున్నాను: ఒళ్లు కొంత రక్తం వైపు, కొంత గోడ అవతల. చేతులు గోడ కిందికి పోవాలంటే ఆ ఆకారాన్ని ఎంచుకుని పేజ్ డౌన్ నొక్కండి. మెనూలో వెతకక్కర్లేదు.

ఎందుకింత పట్టుదల అంటే, ఆ మూడు స్పర్శలే ఆ కణాన్ని కుఫ్ఫర్ కణంగా నిలబెడుతున్నాయి. బాణాలు వేద్దాం. ఎండోథీలియల్ కణం నుంచి డీఎల్ఎల్4 అనే ప్రోటీన్, అది కుఫ్ఫర్ కణంలో నాచ్ అనే సంకేతాన్ని మేల్కొలుపుతుంది. స్టెల్లేట్ కణం నుంచి బీఎంపీలు అనే సంకేత ప్రోటీన్లు, బతకడానికి కావలసిన సీఎస్ఎఫ్1. కుఫ్ఫర్ కణం లోపల ఎల్ఎక్స్ఆర్ ఆల్ఫా అని రాయండి, కాస్త పెద్ద అక్షరాల్లో. ఇది జన్యువులను నడిపే ప్రోటీన్. ఎలుకల్లో దీన్ని తీసేస్తే కుఫ్ఫర్ కణాలు తమ లక్షణాలు పోగొట్టుకుంటాయి, చాలావరకు చచ్చిపోతాయి కూడా.

మరి ఇవి ఎక్కడివి? పిండదశలోనే కాలేయం చేరి, తర్వాత తమంతట తామే విభజించుకుంటూ ఉంటాయి. మామూలు రోజుల్లో ఎముక మజ్జ మీద పెద్దగా ఆధారపడవు. కానీ 2016లో వచ్చిన ఎలుకల ప్రయోగం చూడండి. డిఫ్తీరియా విషంతో కుఫ్ఫర్ కణాలను మాత్రమే తుడిచేశారు. ఖాళీ అయిన చోట్లలోకి ఎముక మజ్జ నుంచి మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వచ్చి, కొద్ది రోజుల్లోనే దాదాపు అసలు వాటిలాగే తయారయ్యాయి. స్టీల్‌ప్లాంటులో కొత్తవాణ్ని ఏ విభాగంలో వేస్తే ఆ పనే అబ్బినట్టు. టిమ్4 అనే గుర్తు ప్రోటీన్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. క్లెక్4ఎఫ్ త్వరగానే వచ్చింది. అన్నట్టు, క్లెక్4ఎఫ్ ఎలుకల గుర్తు. మనిషి బొమ్మలో అది రాయకండి, విసిగ్4 రాయండి.

మళ్లీ షడ్భుజికి వద్దాం. కుఫ్ఫర్ కణాలను సమానంగా చల్లేయకండి. పోర్టల్ సిర వైపు ఒత్తుగా, కేంద్ర సిర వైపు పలుచగా. స్ప్రే పనిముట్టు వాడుతున్నాను, ఇది నాకు భలే ఇష్టం. ఎలుకల్లో ఈ అమరికకు పేగులోని బాక్టీరియాయే కారణమని 2021లో తేలింది. వాటి జాడను ఎండోథీలియల్ కణాలు పసిగట్టి, కుఫ్ఫర్ కణాలను ఆ వైపు కుదురుస్తాయి. పేగుల రక్తం ముందు తగిలేది అక్కడే కదా, బాక్టీరియాను పట్టేవాళ్లు అక్కడే ఎక్కువ ఉండాలి.

చివరి భాగం. మొత్తం బొమ్మకు నకలు తీసి పక్కన పెట్టండి, దీనికి కొవ్వు పట్టిన కాలేయం అని పేరు. హెపటోసైట్లలో పసుపు చుక్కలు వేయండి. చోటు మారింది కాబట్టి కణాలూ మారతాయి. పాత కుఫ్ఫర్ కణాలు కొన్ని చచ్చిపోతాయి, వాటి బదులు వచ్చిన మోనోసైట్లలో కొన్ని ట్రెమ్2 అనే ప్రోటీన్ ఉన్న వేరే రకం మాక్రోఫేజ్‌లుగా, అంటే చెత్తను, క్రిములను మింగే కణాలుగా, తయారవుతాయి. వాటికి నారింజ రంగు వేస్తున్నాను. పాతవాటి రంగే వీటికీ వేయకండి, ఒకేలా ఉంటే పక్కపక్కన పెట్టి లాభం లేదు.

సేవ్ చేసేటప్పుడు పీడీఎఫ్ ఎంచుకోండి. తెలుగు అక్షరాలు చెదిరిపోకుండా ముందు అక్షరాలన్నీ ఎంచుకుని షిఫ్ట్ కంట్రోల్ సి కొట్టండి. ఆ తర్వాత అవి ఆకారాలైపోతాయి, అక్షరాలు మార్చలేరు, కాబట్టి అసలు ఫైలు విడిగా ఉంచుకోండి.