ఒక్క చాకుతో చెక్కలో మనిషి ముఖం: ఈ రివ్యూ అంతా మొన దగ్గరి సెంటీమీటర్ గురించే

నమస్కారమండీ. ముందు లెక్క చెప్పేస్తాను. ఈ చాకును కంపెనీ వాళ్ళు ఊరికే పంపారు, డబ్బులైతే ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు తమకు చూపించమన్నారు, కుదరదని చెప్పేశాం. పేరూ ధరా కింద స్క్రీన్ మీద పడుతున్నాయి చూడండి. స్టీలేంటి, పిడి ఏ చెక్క, బరువెంత, ఇవన్నీ వాళ్ళ పేజీలోనే ఉన్నాయి, మీలో సగం మంది చదివేసే వచ్చుంటారు. ఆ పట్టిక మళ్ళీ చదివి మీ టైం తినను. ఇక్కడ పరీక్ష ఒక్కటే. ఉలి లేదు, సుత్తి లేదు, ఉప్పుకాగితం లేదు. ఈ చాకొక్కదానితో, బొమ్మలా కాకుండా మనిషిలా కనిపించే ముఖం వస్తుందా?

వస్తుంది. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టు మొదలుపెడితే మాత్రం రాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను, అక్కడ నాకు బాగా ఒళ్ళు మండింది.

ముందు మొన చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా. అలుగు, అంటే చాకులో కోసే స్టీలు భాగం, పొడవు మొత్తం 38 మిల్లీమీటర్లు. మొన నుంచి వెనక్కి సరిగ్గా 10 మిల్లీమీటర్ల దగ్గర వెర్నియర్ పెడితే అలుగు వెడల్పు 4 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె కోసమే ఈ చాకు కొనొచ్చు.

ఎందుకో చెప్తా. ముఖంలో నుదురు, బుగ్గ, గడ్డం ఇవన్నీ ఉబ్బెత్తుగా ఉండేవి. ఏ చాకైనా చేస్తుంది, కూరగాయల కత్తి బాగా పదునుంటే అదీ చేస్తుంది. చిక్కంతా గుంటల దగ్గరే. కంటి గుంట, ముక్కు పక్క లోయ, పెదవుల మూలలు. గుంటలు తీసే ఉలి అయితే దాని మూతి వంపుగా ఉంటుంది కాబట్టి తోడేస్తుంది. చాకు తిన్నగా ఉంటుంది. తిన్నని అలుగును గుంటలో తిప్పామంటే పదును లోపల కోస్తుంటే, వెనక వీపు వెళ్ళి గుంట గోడకి తగులుతుంది. తగిలాక మనమేం చేస్తాం? ఇంకాస్త బలం పెడతాం. అప్పుడు చాకు కోయడం మానేసి చీల్చడం మొదలుపెడుతుంది, కనురెప్ప పేడుగా లేచిపోతుంది. అలుగు ఎంత సన్నగా ఉంటే అంత చిన్న గుంటలో తిరుగుతుంది. అందుకే పని చేసేదల్లా మొన దగ్గరి ఆ సెంటీమీటరే. వెనక ఉన్న 28 మిల్లీమీటర్లు చెక్క తగ్గించడానికి, అంతే.

స్వీడన్‌లో మోరా ఊళ్ళో తయారయ్యే 120 నంబరు చాకు చాలామంది దగ్గర ఉంటుంది. మంచి చాకు. గట్టి స్టీలును మధ్యలో పెట్టి రెండు వైపులా మెత్తటి స్టీలు అతికి చేస్తారు, పదును బాగా నిలుస్తుంది. కానీ అలుగు సుమారు 6 సెంటీమీటర్లు. స్పూన్లకి, చెక్క కడ్డీ తగ్గించడానికి హాయి. కంటి మూలలో దాన్ని తిప్పడమంటే బెంగళూరు సిటీ బస్సుని చిక్కపేట సందులో రివర్స్ చేసినట్టే.

సరే, కన్నెంత ఉంటుందో లెక్కేద్దాం. మనం తీసుకున్న కడ్డీ 38 మిల్లీమీటర్ల చదరం, పొడవు 13 సెంటీమీటర్లు. ముఖాన్ని చదును వైపున కాదు, మూల మీద చెక్కుతున్నాం. మూలే ముక్కు గీత అవుతుంది, రెండు బుగ్గలూ వాటంతటవే వెనక్కి వాలిపోతాయి, సగం పని కడ్డీయే చేసి పెడుతుంది. జుట్టు మొదలు నుంచి గడ్డం కింద దాకా 45 మిల్లీమీటర్లు. దాన్ని మూడు చేయండి: జుట్టు నుంచి కనుబొమ దాకా 15, కనుబొమ నుంచి ముక్కు అడుగు దాకా 15, అక్కడి నుంచి గడ్డానికి 15. ఇదేం విదేశీ సూత్రం కాదు. మన శిల్పశాస్త్రంలో విగ్రహాల కొలతల పద్ధతి ఒకటుంది, నవతాళం అని. అందులో ముఖం 12 అంగుళాలు (ఇంచులు కాదు, ముఖాన్ని 12 భాగాలు చేస్తే ఒక భాగం), నుదురు నాలుగు, ముక్కు నాలుగు, కింది భాగం నాలుగు. మన స్థపతులు ఎప్పటినుంచో కొలుస్తున్న కొలతే. ముఖం వెడల్పు ఇక్కడ సుమారు 30, అందులో ఐదో వంతు ఒక కన్ను, అంటే 6 మిల్లీమీటర్లు. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టాలి. ముక్కు రెక్కల వెడల్పూ అంతే. ఆ 6 మిల్లీమీటర్లలో పై రెప్ప, కింది రెప్ప, గుడ్డు, రెండు మూలలు. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల వెడల్పు గురించి అంత గోల ఎందుకు చేశానో అర్థమైంది కదా.

ఇక ఒళ్ళు మండిన సంగతి. పదును మీద లైటు పడేలా తిప్పుతున్నా, అంచున వెంట్రుకలా ఒక మెరుపు గీత కనిపిస్తోందా? అది రెండో బెవెల్, అంటే అంచు దగ్గర వేరే కోణంలో ఉన్న రెండో వాలు. ఫ్యాక్టరీలో ఆఖర్న మిషను మీద అంచును కొంచెం మొద్దు కోణంలో రుద్ది వదిలేశారు. కాగితం కోసి చూపిస్తే భలే తెగుతుంది, వాళ్ళ వీడియోలో అదే చూపించారు. చెక్కలో మాత్రం ఆ చిన్న మెట్టు అలుగును బయటికి నెట్టేస్తుంది. సన్నటి పొర తీద్దామంటే జారుతుంది, లేదా లోతుగా దిగి ఆగిపోతుంది. చెక్కడం చాకుకి అలుగు పక్క భాగం మడత లేకుండా నేరుగా అంచు దాకా వెళ్ళాలి. చెక్కడానికే అని పెట్టె మీద రాసి, కూరగాయల కత్తి అంచు పెట్టి పంపితే ఏమనాలి!

సరిచేయొచ్చు, ఓ 40 నిమిషాల పని. అద్దం ముక్క మీద నీళ్ళ ఎమరీ పేపరు అతికించండి, 400, 800, 1500, 2000 వరసగా. బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా ఇస్తారు. అలుగును పూర్తిగా పడుకోబెట్టి, వీపు ఎత్తకుండా రుద్దండి. 400 మీద ఆ మెరుపు గీత పూర్తిగా మాయమయ్యే దాకా పై నంబరుకి వెళ్ళొద్దు. సగంలో తొందరపడితే 2000 మీద గంట రుద్దినా ఉపయోగం లేదు. తర్వాత చెక్కకి అతికించిన తోలు పట్టీ మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి, వీపు ముందు వెళ్ళేలా లాగండి, ఒక్కో వైపు 20 సార్లు. చివర్లో మణికట్టు లేపొద్దు, లేపితే అంచు గుండ్రమైపోతుంది. పని చేస్తున్నంతసేపూ పదిహేను ఇరవై నిమిషాలకోసారి తోలు మీద పది లాగులు తప్పనిసరి. పదును చూడ్డానికి వెంట్రుకలు గీసుకోకండి. మెత్తటి చెక్క అడ్డకోత మీద ఒక పొర తీయండి. తళతళలాడితే సరే. తెల్ల గీతలు పడితే అంచులో ఎక్కడో నొక్కు ఉన్నట్టు.

చెక్క విషయానికొస్తే, బయటి దేశాల వీడియోల్లో అందరూ బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క పేరే చెప్తారు. ఇక్కడ దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. బెంగళూరు నుంచి మైసూరు రోడ్డు పట్టుకుంటే 60 కిలోమీటర్లలో చన్నపట్న. అక్కడి లక్క బొమ్మలకి వాడే ఆలె మర ఉంది చూశారా, అది మన ఏటికొప్పాక అంకుడు కర్రే. కన్నడంలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు, చెట్టొకటే. తెల్లగా, రంధ్రాలు కనిపించనంత నున్నగా ఉంటుంది, అడ్డంగా కోసినా అంచు నిలుస్తుంది. వాళ్ళు దాన్ని లేత్ మీద తిప్పుతారు, మనకి చాకు కిందా అంతే బాగుంటుంది. కొండపల్లి తెల్ల పొణికి ఇంకా తేలిక, కానీ ఈ సైజు కనురెప్పకి అది మరీ మెత్తన, పదును కాస్త తగ్గినా కోసుకోదు, నలిగిపోతుంది. అక్కడి పనివాళ్ళు చేతులూ కాళ్ళూ విడిగా చేసి చింతగింజల మక్కుతో అతుకుతారు, ఆ చెక్కకి ఆ పద్ధతే సరి. టేకు వద్దు, దాంట్లో ఉండే సిలికా పదునును తినేస్తుంది. పార్సిల్ పెట్టెల పైన్ అసలొద్దు, ఒక చార మెత్తన, పక్క చార గట్టి, రెప్ప ఆ రెంటి మధ్య విరుగుతుంది.

అంకుడు పచ్చిగా దొరికితే నట్టనడుమ బెండు లేని ముక్క తీసుకోండి, బెండు ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. పని ఆపినప్పుడల్లా కవర్లో చుట్టి పెట్టండి. ఎండినది గట్టిగా అనిపిస్తే సర్జికల్ స్పిరిట్ సగం, నీళ్ళు సగం కలిపి చిలకరించి రెండు నిమిషాలాగండి.

ఇప్పుడు అసలు పని. ముక్కు అడుగు గీత మీద చాకు నిలువుగా దించి ఆపుకోత పెట్టండి, అంటే తర్వాతి కోత గీత దాటిపోకుండా ఆపే కోత, కింద నుంచి పైకి చెక్కి ఆ ముక్క తీసేయండి. అలాగే కనుబొమ దగ్గర. ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతల్లో 6 మిల్లీమీటర్ల లోతు దాకా. ఇక్కడే ముక్కులు ఎగిరిపోతాయి. ఆపుకోత లోతు చాలకపోతే పొర తెగి రాదు, దాన్ని చాకుతో ఎత్తుతాం, ముక్కు కొసలో గ్రెయిన్, అంటే చెక్క నార, పొట్టిగా ఉంటుంది కాబట్టి టప్పున ఊడుతుంది. ఎత్తొద్దు. మళ్ళీ ఆపుకోత పెట్టండి. అయినా భయమైతే కొస మీద ఒక చుక్క పల్చటి ఫెవిక్విక్ పీల్చనిచ్చి, ఆరాక కోయండి.

కన్ను. అందరూ చేసే తప్పు ఏంటంటే, గుంట చేసి చదునుగా వదిలి, దాని మీద బాదం ఆకారం గీసేస్తారు. చేప కన్నొస్తుంది. ముందు గుంటలో చిన్న గోళీ సగం పాతినట్టు మిట్ట చేయండి, రెప్పలు దాని మీద గీయండి. బయటి మూల లోపలి మూల కన్నా బాగా వెనక్కి ఉండాలి, పక్క నుంచి చూసి సరిచూసుకోండి. రెప్ప గీత మీద మొనతో 1 మిల్లీమీటర్ లోతు కోత. చాకు పైభాగాన్ని గుడ్డు వైపు వాల్చకండి, వాలిస్తే మొన రెప్ప కిందికి దూరిపోతుంది, తర్వాత రెప్ప రాలిపోతుంది. నిలువుగానో, పిడి రవ్వంత రెప్ప వైపు వాల్చో పట్టుకోండి. రెండు మూలల్లో మూడు కోతలతో త్రికోణం తీయండి, ఒక్కో వైపు 1.5 మిల్లీమీటర్లు. ఆ త్రికోణంలో పడే నీడే కంటికి చూపు తెస్తుంది, కనుపాప చెక్కకపోయినా సరే. పై రెప్ప కింది రెప్ప కన్నా అర మిల్లీమీటరైనా ముందుకి ఉండాలి.

ఈ త్రికోణాల్లో ఈ మొన చేసిన పని చూస్తే ఫ్యాక్టరీ అంచు మీద కోపం సగం పోయింది. మూడో కోతకి ముక్క దానంతటదే బయటికొచ్చింది, గుచ్చి పీకాల్సిన పని లేదు.

నోరు త్వరగా చెప్తా. పళ్ళ వరస లోపల గుర్రపు లాడంలా ఉంటుంది కాబట్టి ముందు ఆ భాగాన్ని పీపాలా గుండ్రం చేసి, ఆ తర్వాతే పెదవుల గీత. చదును మీద గీస్తే పోస్టు డబ్బా నోరొస్తుంది. మధ్యలో లైటు ఆపేసి, ఒక పక్క నుంచి ఒక్క దీపం వేసి చూడండి. పగటి వెలుగులో బాగున్న ముఖం అప్పుడు అసలు రంగు బయటపెడుతుంది.

మొన ఇంత సన్నగా ఉంటే దానికి మూల్యం ఉంటుంది. చెక్కలో ఉండగా మెలిపెడితే విరుగుతుంది. విరిగితే పదును వైపు అరగదీయకండి, వీపు వైపు నుంచి సానరాయి మీద నీళ్ళతో అరగదీసి కొత్త మొన తెచ్చుకోండి. కరెంటు గ్రైండరు వద్దు, నీలి రంగు తిరిగిందంటే ఆ చోట స్టీలు మెత్తబడిపోయినట్టే. చెక్క పట్టుకునే చేతికి కోత తగలని గ్లవ్ వేసుకోండి, కానీ అది కోతనే ఆపుతుంది, పోటును ఆపదు. మొన వెళ్ళే దారిలో వేలు ఉండకూడదు, అంతే.

పిడి మీద వార్నిష్ చెమటకి జారుతోంది, గీకేసి అవిసె నూనె రాశాం. నూనె గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయకండి, దానంతటదే అంటుకోగలదు, పరిచి ఆరబెట్టండి. తోలు ఒర చూడ్డానికి బాగుంది, కానీ కార్బన్ స్టీలును తోలులో దాచి ఉంచితే తుప్పు ఖాయం.

కొనాలా? స్పూన్లూ, బొమ్మలూ చేసేవాళ్ళకి వద్దు, దండగ. మొదటి చాకుగా కూడా వద్దు, ఆ రెండో బెవెల్ తీయడం తెలియనివాళ్ళు చెక్కడమే మానేస్తారు. ముఖాలే చేస్తామంటే మాత్రం ఈ ధరకి కళ్ళు మూసుకుని తీసుకోండి. అంచు విషయంలో పదికి మూడు కూడా వేయను, మొనకి పదికి పదీ. మిగతావి నాకు పట్టలేదు.

ఇదిగో, పూర్తయిన ముఖం. కామెంట్లలో చెవులేవి అని అడుగుతారని తెలుసు. మూల మీద చెక్కితే చెవులు కడ్డీ పక్క మూలల మీదకి వస్తాయి, లోపలి మడతలు ఈ మొనకి కూడా ఇరుకే. జుట్టుతో కప్పేశాం.