లైన్‌మన్ ప్రాణం తీసే వైరుకి పర్మిషన్ ఎవరూ అడగరు!

నమస్తే అండీ. ముందు ఈ వైరు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. రెండు కొసలకీ మూడు పిన్నుల ప్లగ్గులే. ఒక కొస జనరేటర్‌కి, రెండో కొస గోడలో ఏసీ సాకెట్‌కి. జనరేటర్ తాడు లాగితే చాలు, ఇల్లంతా లైట్లు. గోడలోంచి ప్లగ్గు ఊడి చేతికొచ్చిందా, ఈ ఇత్తడి పిన్నుల్లో 230 వోల్టులు ఉంటుంది. పిల్లలు తిరిగే ఇంట్లో!

ఇంటి జనరేటర్‌కి పర్మిషన్ కావాలా వద్దా అని అందరూ కొట్టుకుంటున్నారు కదా. నా ఇల్లు, నా డబ్బు, ఎవణ్ణి అడగాలి అని కొందరు. చప్పుడు, పొగ, ముందు ఆపించండి అని పక్కింటివాళ్లు. అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. నేను గట్టిగా చెబుతున్నా: పర్మిషన్ అంటే జనానికి ఉన్న భయమే ఈ వైరుని పుట్టించింది.

ఎలాగంటారా? కరెంటాఫీసుకి వెళ్తే లోడు పెంచమంటారు, ఏదో ఒకటి కట్టమంటారు, సంతకాల కోసం తిప్పుతారు అని మనవాళ్ల భయం. దాంతో జనరేటర్‌ని గుట్టుగా పెడతారు. లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టాలంటే మీటర్ దాటాక మెయిన్ దగ్గరే పెట్టాలి. అక్కడ పెడితే రీడింగ్ తీసేవాడి కంట పడుతుంది. అందుకని దాన్ని మానేసి ఈ వైరు చేయించుకుంటారు. దాక్కోవాల్సిన అవసరమే లేకపోతే ఇంత దిక్కుమాలిన పని ఎవరు చేస్తారండీ?

ఇప్పుడు లైన్‌మన్ సంగతి వినండి. మెయిన్ ఆపకుండా సాకెట్లో ఈ వైరు గుచ్చితే జనరేటర్ కరెంటు మీ మీటర్ దాటి, సర్వీస్ వైరు మీదుగా స్తంభానికి పోతుంది. ఆ వైరు గాలివానకి తెగి రోడ్డు మీద పడి ఉందనుకోండి, లైను ఆపేశాం కదా అనుకుంటూ పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. అదే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి వెనక నుంచి ఎక్కితే అవతల 11 వేల వోల్టుల లైనులోకి పోతుంది. చుట్టుపక్కల ఇళ్ల లోడు పడి చిన్న జనరేటర్ ఆగిపోతుందిలే అంటారు కొందరు. స్తంభం దగ్గర ఫ్యూజు పీకి మీ ఇంటి లైను విడిగా ఉంటే ఆ లోడు ఎక్కడి నుంచి వస్తుంది?

మరి రూల్స్‌లో ఏముంది? డీజిల్ జనరేటర్ అయితే 1000 కేవీఏ (జనరేటర్ సామర్థ్యం కొలత) దాకా ఒక మీటరు దూరంలో చప్పుడు 75 డెసిబెల్స్ దాటకూడదు, సౌండ్ రాకుండా డబ్బా ఉండాలి. 2023 జులై నుంచి కొత్తగా తయారయ్యే వాటికి పొగ నిబంధనలు ఇంకా బిగించారు. పెద్ద సెట్ అయితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. మంచిదే. విజయవాడ బెంజ్ సర్కిల్ పక్కన అపార్ట్‌మెంట్ సెట్‌కి ఇవన్నీ అడుగుతారు. గుంటూరు బ్రాడీపేటలో రెండో అంతస్తు బాల్కనీలో పెట్టిన చిన్న పెట్రోల్ జనరేటర్‌ని చూసే నాథుడే లేడు. పైగా అది బాల్కనీలో తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కిటికీలోంచి పడకగదిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు.

మాటల్లో మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది, గుర్తుంది కదా. నడుం లోతు నీళ్లలో ఊరంతా చీకటి. అలాంటి చోట సెల్లార్‌లో పెట్టిన జనరేటర్, కింద మెట్ల పక్కన పెట్టిన ఇన్వర్టర్ బ్యాటరీ దేనికి పనికొస్తాయి? అవసరం వచ్చిన రోజునే మునిగిపోయే జాగాలో ఎందుకు పెడతారండీ! ఆ నీళ్లలో దిగి లైన్లు బాగుచేసింది కూడా ఆ లైన్‌మన్లే. వాళ్ల చేతి కిందకి మన జనరేటర్ కరెంటు పంపిస్తామా?

చేంజోవర్ స్విచ్ ఏమంత గొప్ప వస్తువు కాదు. హ్యాండిల్ పైకి వేస్తే లైను కరెంటు, కిందికి వేస్తే జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలవవు. ఫేజు, న్యూట్రల్ రెండూ తెగేదే అడిగి తీసుకోండి. కలిసిపోతే ఏమవుతుందంటే, మీ జనరేటర్ నడుస్తుండగా లైను కరెంటు తిరిగొచ్చిందో, జనరేటర్ వైండింగ్ మాడిపోతుంది. మీ డబ్బే పోయేది.

మన కరెంటు సంస్థ సీపీడీసీఎల్ వాళ్లని నేను అడిగేది ఇదొక్కటే. చిన్న ఇంటి జనరేటర్‌కి ఫైలు వద్దు, ఫైను వద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే మనిషి వచ్చి చేంజోవర్, ఎర్తింగ్ చూసి మీటర్ బోర్డు మీద ఒక స్టిక్కర్ అంటించి పోవాలి. ఫలానా ఇంట్లో జనరేటర్ ఉందని ఆ లైను మీద పనిచేసేవాడికి ముందే తెలుస్తుంది. ఆ రోజు నుంచి ఎవరూ దాచరు, రాసిపెట్టుకోండి.

ఈ రెండు ప్లగ్గుల వైరు చేసిచ్చే ఎలక్ట్రీషియన్ మీ వీధిలో ఉంటే, ఈ వీడియో ముందు ఆయనకి పంపండి.