స్కూబా నేర్చుకుందాం అనుకుంటున్నారా? డబ్బు కట్టేముందు ఇన్‌స్ట్రక్టర్‌ని ఇలా చూసుకోండి

హాయ్ అండి అందరికీ. ఈసారి మాస్కులు ఫిన్‌లు కాదు, స్కూబా, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగున తిరగడం, నేర్పే స్కూళ్ల గురించి రివ్యూ. ఏ స్కూల్ పేరూ చెప్పను, ఎందుకంటే ఇవాళ ఒక స్కూల్లో బాగా నేర్పే మనిషి ఉంటాడు, వచ్చే సీజన్‌కి ఇంకో దేశం వెళ్లిపోతాడు, బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని పేర్లు చెప్పి లాభం లేదు, ఎలా చూసుకోవాలో చెప్తా.

ముందు అందరూ అడిగేది, ప్యాడి చేయాలా ఎస్ఎస్ఐ చేయాలా అని. ప్యాడి 1966లో మొదలైంది, ఎస్ఎస్ఐ 1970లో, సీమాస్ అని ఇంకోటుంది అది 1959ది, దానికి మొదటి ప్రెసిడెంట్ సముద్ర పరిశోధకుడు జాక్ కూస్టో. ఇవన్నీ సిలబస్ రాసి కార్డు ఇచ్చే ఏజెన్సీలు, అంతే. బిగినర్ లెవెల్‌కి ఐఎస్ఓ 24801-2 అని ఒక స్టాండర్డ్ ఉంది, పెద్ద ఏజెన్సీల ఓపెన్ వాటర్ కోర్సు ఏదైనా దాదాపు దానికి తగ్గట్టే ఉంటుంది, కాబట్టి ఏ కార్డు చూపించినా మామూలుగా సిలిండర్ ఇస్తారు, పడవ ఎక్కించుకుంటారు. ఇక్కడ బుర్ర బద్దలు కొట్టుకోకండి. అదే ఏజెన్సీ, అదే స్కూల్, అదే వారం, ఇద్దరు వేరే వేరే ఇన్‌స్ట్రక్టర్ల దగ్గర నేర్చుకున్నవాళ్లని నీళ్లలో పక్కపక్కన చూస్తే ఒకళ్లు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ నిలకడగా ఉంటారు, ఇంకొకళ్లు చేతులతో నీళ్లు చిలుకుతూ పైకీ కిందికీ పోతుంటారు. కార్డులు మాత్రం ఇద్దరివీ ఒకటే.

ఇంకోటి, మీకు ఏం అమ్ముతున్నారో సరిగ్గా కనుక్కోండి. ట్రయల్ డైవ్, డిస్కవర్ స్కూబా అని ఉంటాయి, అవి సర్టిఫికేషన్ కాదు, 12 మీటర్ల లోపు ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండి తిప్పి తీసుకొస్తారు. స్కూబా డైవర్ అని సగం కోర్సు ఇంకోటి, దానితో ఎప్పుడు దిగినా పక్కన ప్రొఫెషనల్ ఉండాల్సిందే. మీకు కావాల్సింది ఓపెన్ వాటర్ డైవర్, దానితో తోడుగా ఇంకో డైవర్ ఉంటే 18 మీటర్ల దాకా మీ అంతట మీరు దిగొచ్చు. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, తీరా చివర్లో చేతికి వేరే కార్డొస్తే గొడవ.

ప్యాడి కోర్సే చూస్తే థియరీ ఉంటుంది, పూల్‌లో గానీ పూల్ లాంటి ప్రశాంతమైన నీళ్లలో గానీ 5 సెషన్లు, ఆపైన బయట నీళ్లలో, అంటే సముద్రం లాంటి చోట, 4 డైవ్‌లు. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, టైమ్ లిమిట్ ఏమీ లేదు, 10 నిమిషాలు నీళ్ల మీద తేలుతూ ఉండాలి. ఇది తప్పించి మీకు ఇన్ని గంటలు ఇవ్వాలి అని గట్టి రూల్ లేదు, వచ్చేదాకా నేర్పాలి అనేదే రూల్. ఇప్పుడు ఇక్కడే ఉంది అసలు కిటుకు. క్యాలెండర్ ప్రకారం నడిపే స్కూల్ అయితే మీకు స్కిల్ వచ్చినా రాకపోయినా ఫలానా రోజు మధ్యాహ్నానికి కార్డు అయిపోవాలి, ఎందుకంటే తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉంటుంది. అందుకే నేను ఫోన్‌లో మొదట అడగమనేది ఒకటే, "నాకు ఏదైనా స్కిల్ రాకపోతే ఏం చేస్తారు, ఇంకో పూల్ సెషన్‌కి ఎక్స్‌ట్రా కట్టాలా?" అని. జవాబు ఏమైనా పర్లేదు, ఎక్స్‌ట్రా కట్టాలన్నా తప్పు లేదు. "అబ్బే, అందరికీ వచ్చేస్తుంది, టెన్షన్ పడకండి" అంటే మాత్రం నాకు కొంచెం అనుమానమే.

వీలైతే డబ్బు కట్టకముందే ఒక పూల్ సెషన్ గట్టున కూర్చుని చూడండి. మంచి స్కూల్ అయితే సంతోషంగా రమ్మంటుంది. అక్కడ మాస్క్ స్కిల్, అంటే నీళ్లలో మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోవడం, చేసే టైమ్ చూడండి, అన్నీ అక్కడే బయటపడతాయి. నేను చూసిన ఒక సెషన్‌లో ఒకాయన మాస్క్ తీయగానే ముక్కులోకి నీళ్లు పోయి భుజాలు బిగబట్టేశాడు, కళ్లు గట్టిగా మూసుకుని పైకి లేచిపోబోయాడు, ఇన్‌స్ట్రక్టర్ ఆయన బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) పట్టి మెత్తగా ఆపింది, రెండు చేతులూ పట్టుకుంది, తన రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని సిలిండర్ గాలి పీల్చే పరికరం) నుంచి బుడగలు నిదానంగా వదులుతూ ఆయన కూడా అదే లయలోకి వచ్చేదాకా ఆగింది, తర్వాతే మాస్క్ చేతికిచ్చింది. పైకొచ్చాక మిగతావాళ్ల ముందు ఒక్క మాట అనలేదు, పక్కకి తీసుకెళ్లి మోకాళ్ల లోతు నీళ్లలో ముక్కు ముంచి నోటితో ఊపిరి తీసుకోవడం చేయించింది, ఆ తర్వాత మళ్లీ కిందికి. ఇదండీ టీచింగ్ అంటే. ఇదే స్కిల్‌ని వరసగా అందరితో టకటకా చేయించి, ఎవరికైనా రాకపోతే "మళ్లీ, మళ్లీ" అని వేలితో చూపించే వాళ్లని కూడా చూశాను.

అలాగే స్టూడెంట్లందరూ కోర్సంతా పూల్ అడుగున మోకాళ్ల మీదే ఉంటున్నారా, లేక నీళ్లలో తేలుతూ చేస్తున్నారా అన్నది చూడండి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి చేయించడం నేర్పేవాడికి సుఖం, ఎవరూ అటూ ఇటూ పోరు. కానీ బయట నీళ్లలో మోకాళ్లు ఆనించడానికి ఏం దొరుకుతుంది, ఇసక రేగుతుంది లేదా పగడాలు విరుగుతాయి. మోకాళ్ల మీద కుదురుగా ఉండాలని కొందరు వెయిట్లు (మునగడానికి కట్టే బరువులు) కూడా అవసరం కంటే ఎక్కువ కట్టేస్తారు, దాంతో స్టూడెంట్ బీసీడీలో గాలి ఎక్కువ నింపుకోవాల్సి వస్తుంది, ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతూ నొక్కుకుంటూ ఉంటుంది, ఇక బ్యాలెన్స్ ఎక్కడ కుదురుతుంది చెప్పండి.

ఇప్పుడు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది అన్నది. ప్యాడి లెక్కలో బయట నీళ్లలో ఒకరికి 8 మంది దాకా స్టూడెంట్లు ఉండొచ్చు. అది పైహద్దు, అంతమందిని తీసుకెళ్లి తీరాలని కాదు. నీళ్లు మసకగా ఉన్న రోజు చివరి స్టూడెంట్ కనపడకపోతే ఆ 8 అంకెకి అర్థం లేదు. నా మటుకు నాకు 4 దాటితే బేరమే వద్దు. ఇంకోటి ఆలోచించండి, ఎమర్జెన్సీలో ఒకే ఊపిరితో గాలి వదులుతూ పైకి వచ్చే స్కిల్ ఒకటుంది, దాన్ని ఇన్‌స్ట్రక్టర్ ఒక్కొక్కరితో విడివిడిగా చేయించాలి. ఆయన ఒకరితో పైకి వస్తుంటే కింద మిగిలినవాళ్లని ఎవరు చూస్తున్నారు? అసిస్టెంట్ ఎవరు, ఆ మనిషికి ఏ సర్టిఫికేషన్ ఉంది? మొహమాటపడకుండా అడగండి.

దిగేటప్పుడు తొందరపెట్టే వాళ్ల దగ్గర అస్సలు వద్దు. పైనుంచి 10 మీటర్లకి వెళ్లేసరికే ప్రెషర్ రెట్టింపు అవుతుంది, అంటే చెవులకి ఎక్కువ ఇబ్బంది మొదటి కొన్ని మీటర్లలోనే. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదుకుంటూ దిగాలి, నొప్పి రాకముందే ఊదాలి, కుదరకపోతే కొంచెం పైకి రావాలి. పక్కవాళ్లు దిగిపోయారు కదా అని లాగే ఇన్‌స్ట్రక్టర్ మీ చెవులతో ఆడుకుంటున్నట్టే.

మెడికల్ ఫారం గురించి కాస్త కోపంగానే చెప్తాను. కోర్సుకి ముందు ఆరోగ్యం మీద ప్రశ్నలతో ఒక ఫారం ఇస్తారు, ఆస్తమా, గుండె, ఫిట్స్, చెవి ఆపరేషన్లు, ఇలాంటివి. వాటిలో కొన్నిటికి "అవును" పెడితే డాక్టర్ సంతకం కావాలి. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన "అన్నిటికీ నో కొట్టేయండి సార్, లేకపోతే లేట్ అవుద్ది" అన్నాడా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. లోపల ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి విస్తరించి గాయం అవుతుంది, 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఆ గాలి రెట్టింపు అవుతుంది, ఆస్తమా లాంటివి అడిగేది అందుకే.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తా. సిలిండర్ మెడ దగ్గర టెస్ట్ తేదీ చెక్కి ఉంటుంది, చాలా దేశాల్లో 5 ఏళ్లకోసారి ప్రెషర్ టెస్ట్ చేయించాలి, చూడండి. గాలి వాసన చూడండి, నూనె వాసన గానీ పొగ వాసన గానీ వస్తే దిగొద్దు. బీసీడీ నింపి కాసేపు వదిలేయండి, మెత్తబడితే ఎక్కడో లీకుంది. ఎమర్జెన్సీ ఆక్సిజన్ కిట్ చూపించమనండి, "ఉంది ఉంది" అనే మాట వద్దు, కళ్లతో చూడాలి.

నేర్పేది ఎవరో పేరు ముందే తీసుకోండి, స్కూల్ పేరు చాలదు. ఇన్‌స్ట్రక్టర్ నంబర్ ఇస్తే పెద్ద ఏజెన్సీల సైట్‌లో నేర్పే అర్హత ఇప్పటికీ ఉందా లేదా చూసుకోవచ్చు. మాట్లాడేటప్పుడు నేను ఇష్టంగా అడిగే ప్రశ్న, "ఈ మధ్య డైవ్ ఎప్పుడు క్యాన్సిల్ చేశారు, ఎందుకు?" అని. అలలు ఎక్కువగా ఉన్నాయనో, స్టూడెంట్‌కి జలుబుగా ఉందనో టక్కున చెప్పేవాళ్లు నాకు నచ్చుతారు. ఎప్పుడూ క్యాన్సిల్ చేయలేదు అని గర్వంగా చెప్పేవాళ్లు నచ్చరు. స్టార్ రేటింగులు పెద్దగా నమ్మకండి, సగం రివ్యూలు చేపలు బాగున్నాయి పడవ బాగుంది అనే ఉంటాయి, భయపడ్డవాళ్లు రాసిన రివ్యూలు వెతికి చదవండి, వాళ్లతో ఎలా ఉన్నారో అక్కడ తెలుస్తుంది.

వెనక్కి ఫ్లైట్ ఉంటే ఆ డేట్ ముందే చెప్పండి, వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు, దాన్ని లెక్కేసుకుని ప్లాన్ ఇచ్చారంటే వాళ్లకి పని తెలుసు.

ఒకవేళ సగంలో ఇన్‌స్ట్రక్టర్‌తో కుదరలేదనుకోండి, భయంతోనో మొహమాటంతోనో పూర్తి చేయాల్సిన పనిలేదు. అదే స్కూల్లో వేరే మనిషిని ఇవ్వమని అడగండి. లేదంటే అప్పటిదాకా చేసిన సెషన్లకి సంతకాలు పెట్టిన రికార్డు, రెఫరల్ ఫారం అంటారు, అది తీసుకోండి. ప్యాడిలో అయితే 12 నెలల లోపు ఇంకో చోట అక్కడి నుంచే కంటిన్యూ చేయొచ్చు, కొత్త ఇన్‌స్ట్రక్టర్ పాత స్కిల్స్ ఒకసారి చేయించి చూస్తారు, అది మీకే మంచిది. ఆ ఫారం ఇవ్వడానికి స్కూల్ తిప్పించుకుంటే నేరుగా ఏజెన్సీకే రాయండి, తేదీలు, నేర్పినవాళ్ల పేరు, ఏ స్కిల్స్ అయ్యాయో అన్నీ కలిపి ఒకే మెయిల్‌లో పెట్టండి.