బావగారి మీసం, పగడాల తోట

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌కు సముద్రం లేదు గానీ సముద్రపు సరుకుకు లోటు లేదు. పత్తర్‌గట్టీ దుకాణాల్లో ముత్యాల దండలు వేలాడుతుంటాయి. కుజదోషం ఉందని జ్యోతిష్కుడు చెబితే పగడపు ఉంగరమూ అక్కడే కొంటాం. ఆ ఎర్ర పగడం పేరుపడ్డది మధ్యధరా సముద్రంలో. దానికి దూరపు బంధువులు, వేలికి పెట్టుకోవడానికి పనికిరానివి, అండమాన్ తీరంలో ప్రాణంతో ఉన్నాయి. కుటుంబంతో వెళ్లి వాటిని చూసి రావడం గురించే ఇవాళ్టి ముచ్చట.

శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమైతే సుమారు రెండున్నర గంటల ప్రయాణం. దిగేది శ్రీ విజయపురంలో. 2024 వరకు అది పోర్ట్ బ్లెయిర్. అక్కడి నుంచి ఓడలో స్వరాజ్ ద్వీపానికి వెళ్లాలి. దాన్ని జనం ఇంకా హేవ్‌లాక్ అనే పిలుస్తారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఆ దీవుల్లో చాలామంది. మా బావగారు పడవ మనిషితో కష్టపడి హిందీలో బేరం మొదలుపెడితే, అతను కాసేపు ఓపికగా విని, "తెలుగులో చెప్పండి సార్, తొందరగా తేలుతుంది" అన్నాడు.

స్నార్కెలింగ్‌కు ఈత రావాలన్న నియమం లేదు. లైఫ్ జాకెట్ వేస్తారు, పక్కన గైడ్ ఉంటాడు. కళ్లనూ ముక్కునూ కప్పే మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టం కరిచిపట్టి, నీళ్ల మీద బోర్లా తేలడమే. చిక్కంతా ఊపిరితోనే. ముక్కుతో పీల్చే అలవాటు మానడానికి కాస్త సమయం పడుతుంది. ఇంట్లోనే పెద్ద బేసిన్‌లో ముఖం ముంచి సాధన చేసి వెళ్లడం మంచిది. మగవాళ్లకు ఇంకో తంటా ఉంది. మాస్కు అంచు మీసం మీద ఆనితే వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు కారతాయి. పైభాగం కత్తిరించుకోమని గైడ్ సలహా ఇస్తే, బావగారు కళ్లు మండుతున్నా సరే, మీసానికే ఓటేశారు.

గొట్టం ఇంకా పొడవుగా ఉంటే అడుగుదాకా వెళ్లవచ్చు కదా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కుదరదు. మీటరు లోతుకు వెళ్లేసరికే నీటి బరువు ఛాతీని అదిమేస్తుంది, పైనున్న గాలిని లోపలికి లాగడం ఊపిరితిత్తుల వల్ల కాదు. పైగా వదిలిన గాలి గొట్టంలోనే నిలిచిపోయి మళ్లీ అదే పీలుస్తాం.

స్వరాజ్ ద్వీపంలో స్నార్కెలింగ్‌కు ఎక్కువమంది వెళ్లేది ఎలిఫెంట్ బీచ్‌కు. 2004 సునామీలో కూలిన చెట్ల మొద్దులు ఇప్పటికీ ఒడ్డున కనిపిస్తాయి. ప్యాకేజీవాళ్లు ఓ రబ్బరు ట్యూబు పట్టుకోమని గబగబా ఒక చుట్టు తిప్పి తెచ్చేస్తారు. ఆ హడావిడిలో కనబడేది మన బుడగలే. నా మాట వింటే, కాస్త ఎక్కువ డబ్బిచ్చి, ఒక్కచోటే ఆపమనండి. కాళ్లు కొట్టడం ఆపితే చేపలు మనల్ని పట్టించుకోవడం మానేస్తాయి. చూడవలసింది అప్పుడే మొదలవుతుంది.

ఎనిమోన్ అనే జంతువు కుంచెలాంటి మెత్తని వేళ్లను అలలకు ఊపుతూ ఉంటుంది. ఆ వేళ్లు కుడతాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ ఫిష్ మాత్రం, ఒంటి మీది జిగురు కాపాడుతుంది కాబట్టి, వాటి మధ్యే కాపురం పెడుతుంది. అన్నిటికంటే పెద్దది ఆ ఇంటి ఆడచేప. అది చనిపోతే దాని జత మగచేప ఆడదిగా మారిపోతుంది. ఇంకాసేపు ఆగితే నీటిలోంచి కరకర చప్పుడు వినిపిస్తుంది. చిలుక ముక్కు లాంటి నోటితో ప్యారట్ ఫిష్ పగడపు రాతిని గీకి తింటోందన్నమాట. రాతి మీది నాచు కడుపులోకి పోతుంది, నూరిన రాయి ఇసుకై బయటికి వస్తుంది. మనం నడిచే తెల్లని ఇసుకలో కొంత దాని చలవే. ఒక్క హెచ్చరిక: మాస్కులోంచి చేప మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చాక పిల్లలు చేతులు చాచి చూపించే కొలతలో కొంత తగ్గించుకోండి.

పగడపు దిబ్బ రాయిలా కనిపించినా, దాన్ని కట్టేవి చిన్న చిన్న జీవులు. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచే వాటికి చాలావరకు తిండి పెడుతుంది, రంగూ ఇస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు పోయి పగడం పాలిపోతుంది. 2010లో అండమాన్‌లో అలా చాలా దెబ్బతిన్నాయి. కాబట్టి మల్లెపువ్వులా తెల్లబడిన కొమ్మను చూసి మురిసిపోనక్కర్లేదు, అది జబ్బు. అలసట తీర్చుకోవడానికి పగడం మీద నిలబడడం, బ్రెడ్డు ముక్కలు విసిరి చేపల్ని పిలవడం, రెండూ వద్దు. పగడపు ముక్కలు సంచిలో వేసుకుంటే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు కూడా.

బోర్లా తేలేటప్పుడు వీపు మాడేది తెలియదు. క్రీములు దట్టంగా పూయడం కంటే పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం నయం. కొన్ని క్రీముల్లోని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్నే ఆపేసింది. గుండె జబ్బున్న పెద్దలు నీళ్లలో దిగకుండా, అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కితే సరి.

వెళ్లవలసిన కాలం అక్టోబరు నుంచి మే దాకా. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. శీతాకాలంలో సాయంత్రం ఐదు దాటితే చీకటి పడిపోతుంది. నీళ్లు తేటగా ఉండేది సాధారణంగా పొద్దున్నే. ఆదివారం హైదరాబాద్‌లో లేచినట్టు తొమ్మిదింటికి లేచి, నింపాదిగా ఇడ్లీ తిని బయల్దేరితే, రేవులో పడవ ఉండదు.

నమస్కారం.