కొయ్యాలా, క్రీముతో పోతుందా?

శ్రోతలకు నమస్కారం. ముక్కు పక్కనో కంటి కిందో నల్లగా మెరిసే చిన్న పొక్కు. గోరు తగిలితే నెత్తురొస్తుంది, పెచ్చు కడుతుంది, మానినట్టే మాని మళ్లీ రేగుతుంది. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో తరచు ఇలా నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. ఒంట్లో వేరేచోటికి పాకడం చాలా అరుదు. కానీ ఏళ్ల తరబడి వదిలేస్తే ఉన్నచోటే ముక్కు మెత్తటి ఎముకను కూడా తినేస్తుంది.

ఆపరేషన్ లేకుండా పోదా అంటే, కొన్ని పోతాయి. ఏవి పోతాయో బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబులో చేసే పరీక్ష, చూశాకే చెప్పగలం.

చిన్నదీ, అంచులు తేటగా ఉన్నదీ అయితే ఆ చోటికే మత్తిచ్చి, చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోస్తారు. ముఖం మీద కుట్లు సుమారు వారంలో తీసేస్తారు. ఆ ముక్క ల్యాబుకు వెళ్తుంది. అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్లీ కొయ్యాలి. కన్ను, ముక్కు, చెవి దగ్గర అంత చర్మం వదులుకోలేం. అక్కడ పొర తీసి, వెంటనే మైక్రోస్కోపులో చూసి, మిగిలినచోటే మళ్లీ కోసే మోస్ సర్జరీ మేలు.

ఇక ఇమిక్విమాడ్ 5 శాతం క్రీము. ఇది పైపొరలోనే పరుచుకున్న రకానికి. వారానికి 5 రాత్రులు, 6 వారాలు రాసి, 8 గంటలయ్యాక కడగాలి. ఎర్రబడి, రసి కారి, పెచ్చు కడుతుంది. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. సరిగ్గా అప్పుడే చాలామంది భయపడి మానేస్తారు. మరీ మండితే డాక్టరే కొన్నాళ్లు ఆపిస్తారు, మీరుగా ఆపకండి.

బ్రిటన్‌లో రెండింటినీ పోల్చి చూస్తే, అయిదేళ్ల తర్వాత కోత 97.7 శాతం మందిలో, క్రీము 82.5 శాతం మందిలో ఫలించింది. క్యాన్సర్ వెంట్రుక కుదుళ్ల వెంట లోపలికి దిగితే క్రీము అంత లోతుకు అందకపోవచ్చు. పైగా ల్యాబులో చూడటానికి ముక్క ఉండదు. అందుకే కోర్సు అయ్యాక సుమారు 3 నెలలకు తప్పక చూపించాలి. మందు రాసి కాంతి పెట్టే చికిత్సలో మచ్చ తక్కువే, తిరగబెట్టడం మాత్రం ఎక్కువ. రేడియేషన్ అయితే, ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లకు.

సున్నం, సోడా పెట్టి కాల్చుకోవడం అన్నిటికన్నా చెడ్డది. పైన మానుతుంది, ఆ మచ్చ కింద క్యాన్సర్ పెరుగుతూనే ఉంటుంది.

అరికాలిలోనో గోరు కిందో కొత్తగా నల్లమచ్చ పెరుగుతుంటే ఈ లెక్కలేవీ పనికిరావు. అది మెలనోమా అనే, ఇంతకన్నా ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ కావచ్చు. క్రీముల కోసం చూడకుండా ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.