ఆయిల్ ఫిల్టర్ పట్టేసిందా? ఆ స్క్రూడ్రైవర్ ముందు పక్కన పెట్టండి

నమస్తే అండి. మొన్న మా బాబాయ్ ఫోన్ చేసి "ఒరేయ్, మినీ ట్రాక్టర్ ఆయిల్ ఫిల్టర్ పట్టేసిందిరా, స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పేస్తున్నా" అన్నాడు. ఆగు బాబాయ్ అనేలోపు గుచ్చేశాడు. వెళ్లి చూస్తే ఫిల్టర్, అంటే ఇంజన్ ఆయిల్‌ని వడపోసే రేకు డబ్బా, అడ్డంగా చిరిగిపోయి, ఆయిల్ అంతా ముందు యాక్సిల్ మీద కారిపోయి, ఫిల్టర్ మందపాటి పళ్లెం మాత్రం ఇంజన్‌కి అలాగే అతుక్కుని ఉంది. తెల్లారితే పామాయిల్ గెలలు మోయాలి, బండేమో కదిలే పరిస్థితి లేదు.

ఎవర్ని అడిగినా ఇదే సలహా అండి, పట్టేస్తే గుచ్చెయ్, గుచ్చి తిప్పెయ్ అని. అది ఆఖరి దారి, దాన్ని మొదటి దారి చేసేశారు, నాకు చాలా బాధగా ఉంటుంది అది చూస్తే. అందుకే ఈ వీడియో.

[దగ్గర షాట్: పాత ఫిల్టర్ చేతిలో]

ఆవకాయ సీసా మూత పట్టేసింది అనుకోండి. మూతకి మేకు కొడతామా? కొట్టం కదా. అమ్మ ఏం చేస్తుంది, చేతికున్న నూనె తుడుచుకుంటుంది, మూత అంచుని కొంగుతో పట్టుకుంటుంది, అప్పటికీ రాకపోతే మూత మీద వేడినీళ్లు పోస్తుంది. ఫిల్టర్‌కి కూడా ఈ మూడే అండి, జిడ్డు లేని పట్టు, అంచు దగ్గర పట్టు, కాస్త వేడి.

అసలు ఎందుకు పట్టేస్తుందో చూడండి. ఇక్కడ నల్లగా గుండ్రంగా ఉన్న రబ్బరు ఉంది చూశారా, ఆయిల్ బయటకి రాకుండా ఆపేది ఇదొక్కటే. దీన్ని ఆయిల్ రాయకుండా పొడిగా పెట్టి, పైగా పానా వేసి గట్టిగా బిగిస్తే, రబ్బరు నలిగి, వందల గంటలు ఇంజన్ వేడికి ఉడికి ఉడికి ఇనుముకి అతుక్కుపోతుంది. సీసా అంచున కారిన ఆవకాయ నూనె ఎండి బంకలా అయిపోతుంది చూడండి, అలాగన్నమాట. అంటే ఇవాళ పట్టేసిన ఫిల్టర్ ఇవాళ పట్టేసింది కాదు, పోయినసారి బిగించిన రోజే పట్టేసింది. మా బాబాయ్ బండికి పోయినసారి సర్వీసు చేసినాయన పానాతో రెండు దెబ్బలు ఎక్కువే బిగించాడు, లీకవుతుందేమోనని భయం. ఆ భయం అక్కర్లేదండి, లీకు ఆపేది రబ్బరు, మన బలం కాదు.

కొంతమంది ఇంకోటి చేస్తారు, ఊడకపోతే పాతదే ఉంచేసి ఆయిల్ ఒక్కటే మార్చేస్తారు. వద్దు. ఫిల్టర్ మసితో నిండిపోతే లోపల ఒక చిన్న వాల్వ్ తెరుచుకుంటుంది, ఇంజన్‌కి ఆయిల్ అందక ఆగిపోకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటు అది, కానీ అప్పుడు ఆయిల్ వడపోత లేకుండానే నేరుగా బేరింగ్‌లకి వెళ్లిపోతుంది, మీరు పోసిన కొత్త ఆయిల్ కూడా.

సరే, పనిలోకి వద్దాం. ముందు కొత్త ఫిల్టర్ తెచ్చి పక్కన పెట్టుకోండి, అది లేకుండా పాతదాని మీద చెయ్యి వెయ్యొద్దు. ఇంజన్ ఒక ఐదు నిమిషాలు నడిపి ఆపండి, తాళం తీసెయ్యండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. వెచ్చగా ఉంటే చాలు, సలసలా కాగే ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలే, సైలెన్సర్ పైపు కూడా ఆ పక్కనే ఉండొచ్చు. కొన్ని బండ్లలో స్టార్టర్ మోటార్ కూడా దగ్గర్లోనే ఉంటుంది, ఇనుప పానా దాని వైరుకి తగిలితే మంటలే, అందుకే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పెట్టండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఎటు తిప్పుతున్నారు మీరు? నవ్వకండి, నేను చూసిన పట్టేసిన ఫిల్టర్లలో కొన్నిటిని మనోళ్లే ఇంకా బిగించేస్తున్నారు! మినీ ట్రాక్టర్‌లో చెయ్యి దూరే సందు ఉండదు, వెనక నుంచో పై నుంచో చెయ్యి పెట్టేసరికి కుడి ఎడమ తారుమారు అవుతాయి. ఫిల్టర్ గుండ్రటి అడుగు భాగం మీ మొహానికి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకోండి, అటు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. సీసాని తలకిందులుగా పట్టుకుని మూత తిప్పి చూడండి ఒకసారి, మీకే అర్థమవుతుంది. ఫిల్టర్ మీద చాక్‌పీసుతో బాణం గీసుకోండి.

తర్వాత పట్టు. ఫిల్టర్ మీద జిడ్డంతా గుడ్డతో, కాస్త డీజిల్‌తో తుడిచి, ఆరిపోయేదాకా ఆగండి. ఉప్పుకాగితం గరుకు వైపు డబ్బాకి ఉండేలా చుట్టండి, లేదా పాత సైకిల్ ట్యూబ్ ముక్క, దాని మీద చేత్తో తిప్పండి. సగం ఫిల్టర్లు దీనికే వచ్చేస్తాయి, నిజంగా.

రాలేదా, బెల్ట్ పానా గానీ చైన్ పానా గానీ వెయ్యండి. కానీ ఎక్కడ వేస్తారు? డబ్బా మధ్యలో వేస్తే పల్చటి రేకు కదా, నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది, ఇక తిరగదు. సీసా మూతని కూడా నడిమి మీద నొక్కితే సొట్ట పడుతుంది, అంచు పట్టుకుంటేనే తిరుగుతుంది. ఇంజన్‌కి ఆనుకునే వైపు, లోపల మందపాటి పళ్లెం ఉండే చోట వెయ్యాలి పానా. వేసి, ఒక్కసారిగా గుంజకుండా బరువు నిదానంగా పెంచుతూ పోండి. "టక్" మని శబ్దం వస్తుంది, రబ్బరు వదిలిన శబ్దం అది, నాకు ఎంత ఇష్టమో ఆ శబ్దం. అడుగు గుండ్రానికి సరిపడే గిన్నె పానా ఉంటే సందు తక్కువున్న బండికి అదే బెస్ట్, సైజు మాత్రం కరెక్టుగా ఉండాలి.

[షాట్: చిరిగిన ఫిల్టర్]

ఇంత చేసినా రాకపోతే, అప్పుడు స్క్రూడ్రైవర్. ఆయిల్ పట్టడానికి కింద ఒక గిన్నె పెట్టుకుని, మందపాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఫిల్టర్‌లో ఇటు నుంచి అటు పూర్తిగా దూరేలా కొట్టండి. ఇంజన్ వైపు మరీ దగ్గరగా కొట్టొద్దు, లోపల మరలున్న పైపు పొడుచుకుని ఉంటుంది, అది దెబ్బతింటే ఫిల్టర్ ఖర్చుతో పోదు. రేకు చిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి.

మా బాబాయ్‌ది ఆ స్టేజి దాటిపోయింది కాబట్టి, రేకుని కత్తెరతో కోసి తీసేశాం. అప్పుడు పళ్లెం కనపడుతుంది, దాంట్లో చుట్టూ ఆయిల్ వెళ్లే రంధ్రాలుంటాయి. ఎదురెదురు రంధ్రాల్లో ముక్కు పట్కారు కొనలు దూర్చి తిప్పాం, రాలేదు. ఉలి పళ్లెం అంచుకి ఏటవాలుగా పెట్టి, ఊడే వైపుకి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, చుట్టూ మార్చి మార్చి కొట్టాం. నలభై నిమిషాలు పట్టింది. ఉలి జారి ఇంజన్ వైపు నున్నటి చోట గీత పడితే కొత్త ఫిల్టర్ జన్మలో లీకు ఆగదు, అందుకే అంత నెమ్మది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. పాత రబ్బరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి, దాని మీద కొత్తది ఎక్కిస్తే రెండు రబ్బర్లు అయ్యి, స్టార్ట్ చెయ్యగానే ప్రెషర్‌కి ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రబ్బరు సైజు, మరలు పాతదానితో పోల్చుకోండి. రబ్బరుకి కొత్త ఆయిల్ వేలితో రాయండి. చేత్తో తిప్పి, రబ్బరు ఆనిన దగ్గర్నుంచి ఇంకో అర నుంచి ముప్పావు చుట్టు, అంతే, డబ్బా మీద ఎంత రాసుంటే అంత. పానా వద్దు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి మొదటి 50 గంటలకే ఒకసారి మార్చాలి, తర్వాత ఎన్ని గంటలకో మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆయిల్ పోసి, బ్యాటరీ వైరు పెట్టి, స్టార్ట్ చేసి ఆయిల్ లైటు ఆరిందో లేదో చూడండి, ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూడండి, ఆపి ఐదు నిమిషాలాగి ఆయిల్ ఎంతుందో చూపించే గేజ్ పుల్ల చూసి తగ్గినంత పొయ్యండి. పాత ఆయిల్ కాలవలో పొయ్యొద్దండి, క్యాన్‌లో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చెయ్యండి. మార్కర్‌తో డబ్బా మీద తేదీ, మీటర్ గంటలు రాసెయ్యండి. హైడ్రాలిక్ ఫిల్టర్ పట్టేసినా ఇదే పద్ధతి, కాకపోతే దాన్ని గుచ్చితే కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కూడా కారిపోతుంది, అది ఇంకో వీడియోలో విప్పి చూపిస్తా.