గ్యాస్ గ్రిల్ మీద పిజ్జా: ఈ డబ్బాకి ప్రాణం దాని పైకప్పు

అందరికీ నమస్తే అండి. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఈ పిజ్జా డబ్బాని, అంటే గ్యాస్ గ్రిల్ మీద పెట్టి పిజ్జా కాల్చుకునే ఈ చిన్న ఓవెన్‌ని, కంపెనీవాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియోని మీకంటే ముందు వాళ్లు చూడలేదు కూడా. కొలతలు, బరువు, ఏ గ్రిల్‌కి సరిపోతుంది అన్న వాటి జోలికి ఇవాళ పోను. స్టీలు డబ్బా, లోపల కార్డియరైట్ అనే, వేడికి తట్టుకునే పింగాణీ లాంటి రాయి, ముందువైపు తెరిచి ఉంటుంది. గ్యాస్ గ్రిల్ కమ్మీల మీద పెట్టుకుని వాడాలి. అంతే.

ఇదిగో, ఈ పైకప్పు చూడండి. రాయికి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. ఇవాళ ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

గ్రిల్‌లో మంట కిందే ఉంటుంది. పిజ్జాకేమో పైన కూడా గట్టి వేడి కావాలి. కట్టెల ఓవెన్‌లో గుండ్రటి కప్పు బాగా కాగి, ఆ వేడిని పిజ్జా మీదకి దించుతుంది. నేపుల్స్ పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుందంటే, 380 నుంచి 430 డిగ్రీల దాకా కాగిన నేలతో పాటు ఆ కప్పు కూడా పనిచేస్తుంది కాబట్టే. మన గ్రిల్ మూతేమో రాయికి చాలా ఎత్తులో ఉంటుంది. పైగా చూద్దామని ఎత్తిన ప్రతిసారీ లోపలి వేడిగాలంతా బయటికి పోతుంది.

నేను రెండేళ్లు మామూలు గుండ్రటి రాయితోనే చేశాను. ఎప్పుడు చేసినా అడుగు మాడేది, అంచు తెల్లగా ఉండిపోయేది, చీజ్ కరిగీ కరగనట్టు ఉండేది. రాయి కింద ఇటుకలు పెట్టి మూతకి దగ్గరగా లేపితే కొంచెం నయం. తర్వాత ఒక స్టీలు పలక తెచ్చాను. ఇంట్లో ఓవెన్‌లో అది అద్భుతం, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ స్టీలు రాయికంటే చాలా వేగంగా వేడిని పిండికి అందిస్తుంది. కింద నేరుగా మంట ఉన్నప్పుడు అదే ముప్పు, అడుగు ఇంకా ముందే మాడింది. ఇక ఆ గుండ్రటి రాయి ఏమైందంటే, ఒకసారి కడిగి, సరిగా ఆరకముందే మంట మీద పెట్టాను. ఠప్‌మని రెండు ముక్కలైంది. రాయిని సబ్బుతో, నీళ్లతో కడగకండి. చల్లారాక గీకేస్తే చాలు, మరకలుంటే ఉండనీయండి.

ఇప్పుడు ఈ డబ్బాలో మొదటి పిజ్జా వేసినప్పటి సంగతి. మూత ఎత్తే పని లేదు, ముందువైపు సందులోంచి అంతా కనిపిస్తోంది. నిమిషం దాటగానే వెనకవైపు అంచు పొంగడం మొదలైంది. చీజ్ బుడగలు లేస్తున్నాయి. సగానికి తిప్పాను. నాలుగు నిమిషాలకి బయటికి తీస్తే అంచు మీద చిన్న చిన్న నల్లటి చుక్కలు! గ్రిల్ మీద నాకు ఆ చుక్కలు రావడం అదే మొదటిసారి. నిజంగా ప్రాణం లేచొచ్చింది.

ఇక కోపం వచ్చిన సంగతి. ముందున్న ఈ డయల్ థర్మామీటర్ నన్ను చాలా విసిగించింది. ఇది చెప్పేది కప్పు దగ్గరి గాలి వేడి, పిజ్జా కూర్చునేది రాయి మీద. పదిహేను నిమిషాలకే ముల్లు 300 చూపించింది. ముట్టుకోకుండానే దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే రాయి 210! కాసేపయ్యాక సీను తిరగబడుతుంది. బర్నర్లు ఫుల్‌లో ఉండగా రాయి 390కి వెళ్లింది, ముల్లు మాత్రం అక్కడక్కడే ఆడుతోంది. దాన్ని నమ్మి వేసిన మూడో పిజ్జా అడుగు బొగ్గయింది. ఇంత మంచి డబ్బా చేసి, జనం మొదట చూసే చోట ఇలాంటి ముల్లు పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కనీసం అరగంట, ముప్పావుగంట కాగనివ్వండి. రాయి 340, 350 మధ్యకి వచ్చాక పిజ్జా వేసి, నడిమి బర్నర్ తగ్గించి, పక్కవి ఫుల్‌లో ఉంచండి.

పిండి గురించి రెండు ముక్కలు. కిలో పిండికి 620 గ్రాముల నీళ్లు, పన్నెండంగుళాల పిజ్జాకి 250 గ్రాముల ముద్ద. చక్కెర, తేనె వేయకండి, ఈ వేడికి త్వరగా మాడతాయి. పీల్, అంటే పిజ్జాని లోపలికి జార్చే పలక మీద పొడిపిండి ఎక్కువైతే అది రాయి మీద కాలి, పిజ్జా అడుగంతా చేదెక్కుతుంది. నేను కొంచెం సన్నరవ్వ చల్లి, పిజ్జాని ఒకసారి ఊపి చూస్తాను. కదిలితేనే లోపలికి. బేకింగ్ పేపర్ మాత్రం వద్దు, ఇంత వేడిలో అంటుకుంటుంది.

డబ్బా కొనే ఉద్దేశం లేనివాళ్లకి ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టం. అమెరికాలో ప్రావిడెన్స్ అనే ఊళ్లో 1980లో మొదలైన అల్ ఫోర్నో రెస్టారెంట్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. పలచగా సాగదీసిన పిండికి నూనె రాసి నేరుగా కమ్మీల మీద వేస్తారు. ఒకవైపు కాలాక తిప్పి, కాలిన వైపు సాస్, చీజ్ వేస్తారు. టాపింగ్ తక్కువగా వేయాలి, చేయి చురుగ్గా ఆడాలి. రుచి మాత్రం వేరే లెవెల్.

నా మాటేంటంటే, గ్యాస్ గ్రిల్ ఉండి, వారం వారం పిజ్జా చేసే ఇల్లయితే ఇది తీసుకోండి. ఆ కప్పు కోసం నేను సొంత డబ్బుతోనైనా కొనేవాణ్ణి. కంపెనీవాళ్లు చూస్తుంటే, ఆ ముల్లు తీసేయండి ప్లీజ్.

ఇంకా రెండు ముద్దలు మిగిలాయి. రాయి ఇప్పుడు 345 చూపిస్తోంది, వేసేస్తున్నాను. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను, ఆ వెనక అంచు చూస్తూ ఉండండి.